పడవ మునిగింది కొబ్బరికాయ వల్ల కాదు

ఒక మనిషి పరువు కొన్నేళ్ళుగా నా దగ్గర ఉండిపోయింది. తిరిగి ఇచ్చేయాలని అనుకోని వారం లేదు. కానీ అనుకోవడం వేరు, నోరు తెరవడం వేరు. మీరు నన్ను ఎరగరు, నేను మిమ్మల్ని ఎరగను, అందుకే మీతో చెప్పడం సులువు అనుకుంటున్నాను. ఎరిగినవాళ్ళతో కూడా చెప్పి చూశాను. ఆ ముచ్చట చివర్లో చెబుతాను, ఇప్పుడే చెబితే మీరు నవ్వి, మిగతాది వినకుండా లేచిపోతారు.

వరంగల్ బజారులో మాది స్టీలు సామాన్ల దుకాణం. నా పేరు వద్దు. మా అక్క భర్త, అంటే మా బావ, అదే వీధి చివర కిరాణా దుకాణం నడుపుతాడు. ఆయన్ని సదానందం అందాం. అసలు పేరు అది కాదు. ఆయన్ని ఇప్పుడు బజారులో ఎవరూ అసలు పేరుతో పిలవరు, కొబ్బరికాయ సేటు అంటారు. ఆ పేరు నా వల్ల వచ్చింది. అదీ నా తప్పు.

ఎక్కడ మొదలైందంటే, డాక్టరు దగ్గర. బావకు బీపీ పెరిగింది. దుకాణంలో గిరాకీల మీద అరుస్తున్నాడు, తూకం వేస్తూ అరుస్తున్నాడు, ఇంటికి వచ్చి టీవీలో వార్తలు చదివే అమ్మాయి మీద అరుస్తున్నాడు. డాక్టరు మందులు రాసి, చేతులతో చేసే పని ఏదైనా అలవాటు చేసుకోమన్నాడట. తోటపని లాంటిది. బావ తోటపనికి ఒప్పుకోలేదు. ఫోన్‌లో ఎవరో ఒకాయన పాత పడవలను బాగుచేసే వీడియోలు దొరికాయి ఆయనకు. ఆ మనిషి చెప్పేదాన్ని బావ మంత్రంలా వల్లెవేశాడు. మొదటి ప్రాజెక్టుకు పెద్ద పడవ జోలికి పోవద్దు. చేపలు పట్టే చిన్న పడవ, వాడిన పాతది, తీసుకోవాలి. రంగు చూసి మోసపోవద్దు. అడుగు చూడాలి.

అడుగు చూడాలి. ఈ మాట గుర్తు పెట్టుకోండి అని చెప్పను. నాకైతే నిద్రలో కూడా గుర్తుంటుంది.

మా రెండిళ్ళలోనూ చేప తినరు. పక్కింట్లో వేపుడు వాసన వస్తే మా అమ్మ కిటికీలు మూసేది. అలాంటి ఇంట్లో చేపల పడవ కొంటానంటే మా అక్క సులోచన ముందు కిటికీల వైపు చూసింది. తర్వాత ఒకే షరతు పెట్టింది. "చేపలు వట్టొద్దు. ఎక్కుడు, దిగుడు. గంతే." బావ సరేనన్నాడు. ఆయనకు చేపలతో పనిలేదు. హసన్‌పర్తి చెరువు మీద తన చేతులతో బాగుచేసిన పడవలో కూర్చోవాలి, అంతే.

ఇక్కడ మా బావ గురించి ఒక మాట. ఆయన ఎప్పుడూ కరెక్టు. చింతపండు వాసన చూసి ఏ ఊరిదో చెబుతాడు. ఆయన చెయ్యి పెట్టిన కందిపప్పులో పురుగు ఉండదు. నేను స్కూటరు కొన్నప్పుడు, ఇది నిన్ను నడిపించి ఇంటికి పంపుతుందన్నాడు, పంపింది. మా దుకాణానికి బోర్డు రాయించినప్పుడు అక్షరాలు వానకు కారతాయన్నాడు, కారాయి. ఇవన్నీ ఆయన గొప్ప కోసం చెప్పడు, మామూలుగా, టీ తాగుతూ చెబుతాడు. అదే ఇంకా కష్టం. గొప్పలు పోయే మనిషి అయితే అసహ్యించుకోవచ్చు. ఈయన నా మంచి కోరి చెబుతాడు, అది నిజం అవుతుంది. మీ జీవితంలో అలాంటి మనిషి ఉన్నాడా? ఉంటే నా తప్పు మీకు కొంచెం అర్థం అవుతుంది. క్షమించమనడం లేదు.

ఏటూరునాగారం దాటాక గోదావరి ఒడ్డున కొమురయ్య అనే మనిషి రెండు పాత పడవలు అమ్ముతున్నాడని తెలిసింది. ఆదివారం దుకాణాలు మూసి ఇద్దరం వెళ్ళాం. దారంతా అడవి. బావ దారంతా వీడియోలోని పాఠం అప్పజెప్పాడు. నేను జేబులో స్క్రూడ్రైవరు పెట్టుకుని, తెలిసిన మనిషిలా తలాడించాను. చిన్నప్పుడు మేనమామ ఊరిలో పడవలు చూశానని ఎప్పుడో ఒకసారి అన్నాను. బావ దాన్ని బట్టి నాకు పడవల సంగతి తెలుసనుకున్నాడు. నేను కాదనలేదు. ఆ ఊళ్ళో నిజానికి ఒక బండరాయి మీద కూర్చుని దూరంగా వెళ్ళే పడవల్ని చూశాను. అంతే నా అనుభవం.

రెండు పడవలు ఒడ్డున ఉన్నాయి. ఒకటి ఫైబర్‌ది. బూడిద రంగు, అక్కడక్కడ అతుకులు, ముందు భాగం కొంచెం చప్పిడిగా. రెండోది కట్టెది. పొడవుగా, సన్నగా, ముక్కు పైకి లేచి, రంగు వెలిసినా ఒక తీరు ఉంది దానికి. దుంగల మీద ఎత్తి పెట్టారు. ఎండ దాని మీద పడుతుంటే నాకు పెళ్ళిచూపుల్లో కూర్చున్నట్టు అనిపించింది.

కొమురయ్య బీడీ ఆర్పి వచ్చాడు. "కట్టెది మా నాయినది సేటు. ఫైబర్ది నాది. నాయినది అందం, నాది పని. ఏది గావాలె?" అన్నాడు.

బావ ఫైబర్ పడవ చుట్టూ తిరిగాడు. చేత్తో కొట్టి చూశాడు. ఎక్కి గట్టిగా ఊగాడు. ఆ తర్వాత నావైపు తిరిగి, "బామ్మర్ది, నాకు మోకాలు వంగది. కట్టెదాని కింద నువ్వు జర దూరి చూడు" అన్నాడు.

నేను దుంగల మధ్య నుంచి వెల్లకిలా దూరాను. పడవ అడుగు నా ముఖానికి దగ్గరగా ఉంది. తేమ వాసన. వెనక భాగంలో ఒక పలక నల్లగా కనిపించింది. స్క్రూడ్రైవరు ఆనించాను. ఉడికిన చామగడ్డలో పుల్ల దిగినట్టు దిగిపోయింది. పిడి దాకా. బయటికి లాగితే తడి నల్లటి పొట్టు నా చొక్కా చేతి మీద రాలింది. ఇంకో చోట ఆనించాను. అక్కడా దిగింది. నాకు పడవల గురించి ఏమీ తెలియకపోయినా, కట్టెలోకి ఇనుము అలా దిగకూడదని తెలుసు.

పైన బావ గొంతు వినిపిస్తోంది. కొమురయ్యతో అంటున్నాడు. "నాకైతె ఫైబర్దే మంచిగ కొడ్తాంది. ముసలి బర్రె లెక్క ఉన్నది గని, గట్టిది."

అంటే ఆయన అప్పటికే కరెక్టు. అడుగు చూడకుండానే కరెక్టు.

నేను అక్కడ పడుకుని ఏం ఆలోచించాను? ఈ ప్రశ్న ఎన్నోసార్లు వేసుకున్నాను. కోపం వచ్చిందా? కాదు. అసూయా? కావచ్చు, కానీ అది పూర్తి జవాబు కాదు. ఆ ఒక్కసారి, జన్మలో ఒక్కసారి, నేను చెప్పింది మా బావ వినాలని, విని, నువ్వన్నదే నిజమని అనాలని నాకు ఎంత బలంగా అనిపించిందంటే, ఆ మాట కోసం నేను చిత్తడి మట్టి తీసి ఆ రెండు రంధ్రాల మీద పూశాను. నా చెయ్యే పూసింది. ఎవరూ చెప్పలేదు.

బయటికి వచ్చాను. బట్టలు దులుపుకున్నాను.

"కింద చూసినవా?" అన్నాడు బావ.

"చూసిన."

"మంచిగ చూసినవా?"

"ఇనుము లెక్క ఉన్నది బావా. గసొంటి కట్టె ఇప్పుడు దొర్కది. ఫైబర్ది బాగుచెయ్యడానికి ఏమున్నది? ప్రాజెక్టు అంటె పని ఉండాలె గద."

కొమురయ్య నా చొక్కా చేతి మీది నల్ల పొట్టు వైపు చూశాడు. నా ముఖం వైపు చూశాడు. ఏదో అనబోయి, ఇంకో బీడీ తీశాడు. "సేటు చూసిండంటె ఇగ నేనేం చెప్పాలె" అన్నాడు.

బావ ఫైబర్ పడవను ఇంకోసారి చేత్తో తట్టాడు. తర్వాత నా భుజం తట్టి, "నడువు, నువ్వన్నదే తీసుకుందాం" అన్నాడు.

డీసీఎం వ్యాను వెనక పడవను తాళ్ళతో కట్టి, ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కుని తిరిగి వస్తుంటే, డ్రైవరుకు బావ ఏం చెప్పాడో తెలుసా? "మా బామ్మర్ది లేకపోతె నేను ముసలి బర్రెను కొంటుంటి" అని చెప్పాడు. నేను కోరుకున్న మాట అదే. చెవుల్లో తేనె పోసినట్టు ఉంది. చొక్కా చెయ్యి మడిచి నల్ల పొట్టు కనబడకుండా చేశాను. దారిలో టీకి ఆగినప్పుడు జనం మూగి, సముద్రం ఎక్కడికి తెస్తున్నారు సేటూ అని అడిగారు. బావ నవ్వుతూ అందరికీ నన్నే చూపించాడు.

హసన్‌పర్తిలో బావకు ఖాళీ ప్లాటు ఉంది. దాంట్లో పడవను ఇటుకల మీద పెట్టి, మీద టార్పాలిన్ కట్టాం. ఆదివారాలు, దుకాణం తొందరగా కట్టేసిన సాయంత్రాలు, అక్కడే ఉండేవాళ్ళం. ఉప్పు కాగితంతో రుద్దడం, పాత రంగు గీకడం, మేకులు మార్చడం. మా ఇద్దరిలో ఎవరికీ ఏ పనీ రాదు. బావకు మోకాలు వంగదు కాబట్టి అడుగు పని నాకే వదిలాడు. బావ సుత్తి దెబ్బ ఒకటి మేకు మీద పడితే రెండు వేలి మీద పడేవి. అయినా అరిచేవాడు కాదు. అదే విచిత్రం. కందిపోయిన వేలిని నోట్లో పెట్టుకుని నవ్వేవాడు. అక్క సర్వపిండి చేసి స్టీలు డబ్బాలో పంపేది. ఒక సాయంత్రం తనే తెచ్చి, ఇటుకల మీద కూర్చుని, బావ లేనప్పుడు నాతో అంది. "తమ్మీ, గీ పడవ వచ్చినకాన్నుంచి మీ బావ ఇంట్ల ఒక్క గట్టి మాట అంటలేడు. బీపీ గూడ దిగింది. నీ పుణ్యమే."

నా పుణ్యం. చేతిలోని సర్వపిండి ముక్క తిరిగి డబ్బాలో పెట్టేశాను.

చెప్పాలి అనుకున్నాను. ఈ ఆదివారం చెబుదాం. వద్దు, ఇవాళ చాలా సంతోషంగా ఉన్నాడు, వచ్చే ఆదివారం. ఆ ఆదివారం ఇంకా సంతోషంగా ఉండేవాడు. మనిషి సంతోషంగా ఉండటం అంత ఇబ్బంది పెడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. నిజం చెప్పాలంటే నేను కూడా సంతోషంగానే ఉన్నాను. మా నాన్న పోయాక ఒక మగమనిషి పక్కన కూర్చుని ఊరికే పని చేయడం నాకు అదే మొదలు. లెక్కలు లేవు, బేరాలు లేవు. ఆ రోజులన్నీ ఒక అబద్ధం మీద కూర్చున్నాయి. మరి ఆ సంతోషం కూడా అబద్ధమేనా? తేల్చుకోలేకపోయాను.

చివరికి ఒక సాయంత్రం టర్పెంటైన్ తెమ్మని బావను పంపించి, నేను పడవ కిందికి దూరాను. మట్టి రాల్చాను. రంధ్రాలు ఇప్పుడు రెండు కావు. వేలు పెడితే వేలు పోతోంది. రంపపు పొట్టు, జిగురు కలిపి కుక్కాను. దాని మీద తారు, తారు మీద రంగు. ఆరాక చేత్తో తట్టి చూస్తే గట్టిగానే అనిపించింది. మీరు నమ్మరు, ఆ రాత్రికల్లా నేనే నమ్మేశాను. ఇప్పుడది నిజంగానే ఇనుము లెక్క ఉంది, ఇక చెప్పాల్సింది ఏమీ లేదు. తప్పు చేసినవాడికి అన్నిటికన్నా తొందరగా దొరికే సాక్షి వాడే.

నీళ్ళలో దించే రోజు వచ్చింది. చెరువులో చేపలు పట్టేవాళ్ళ పెద్దమనిషిని బావ ముందే అడిగాడు. ఆయన, "చేపలు వట్టకుంటె ఏమన్న చేస్కోండ్రి" అన్నాడు. చుట్టాలు వచ్చారు. మా దుకాణాల వీధి సగం వచ్చింది. చేప తినని సేటు పడవ ఎక్కుతున్నాడంటే ఎవరు రారు? అక్క పట్టుచీర కట్టుకుని, పెద్ద డబ్బాలో పులిహోర తెచ్చింది. నీలం రంగు పడవ ఒడ్డున మెరుస్తోంది. బావ కొత్త ధోతి కట్టాడు, నుదుట బొట్టు పెట్టుకున్నాడు. పడవ ముక్కుకు పసుపు, కుంకుమ, బంతిపూల దండ.

కొబ్బరికాయ కొట్టాలి. బావ దుకాణంలోదే, ఆయనే ఏరి తెచ్చాడు. చుట్టూ చూశాడు. ఒడ్డంతా బురద. ఎక్కడా రాయి లేదు.

"ఏడ కొట్టాలె బామ్మర్ది?"

"పడవ ముక్కు మీదనే కొట్టు బావా. పూజ దానికే గద."

ఈ మాట అన్నది నేనే. ఇది ఇవాళ ఎవరికీ గుర్తులేదు, బావకు కూడా. నాకు మాత్రం ఉంది. తర్వాత జరిగేది తెలిసి అన్నానా? లేదు. దేవుడి మీద ఒట్టు, లేదు. కానీ నోట్లోంచి ఆ మాట అంత సిద్ధంగా ఎలా వచ్చింది? ఒకవేళ ఏమైనా అయితే దానికి ఇంకో కారణం ఉంటే బాగుండునని లోపల ఎవరో అనుకున్నారా? తెలియదు. ఇక్కడికి వచ్చేసరికి ఎప్పుడూ ఆగిపోతాను.

మొదటి దెబ్బకు కాయ ఎగిరి పక్కన పడింది. జనం నవ్వారు. బావ ధోతి ఎగ్గట్టి, రెండో దెబ్బ బలంగా వేశాడు. కాయ రెండు చెక్కలైంది. చప్పట్లు. పడవను నెట్టారు.

బావ ఎక్కాడు. అక్క పులిహోర డబ్బాతో ఎక్కింది. తెడ్డు వెయ్యడానికి చెరువు మనిషి ఒకడు ఎక్కాడు. నన్ను రమ్మన్నారు. వీడియో తీస్తానని ఒడ్డునే నిలబడ్డాను. నాకు ఈత రాదు. బావకు కూడా రాదు, అక్కకు కూడా రాదు. ఆ నీళ్ళు నడుము లోతే అని నాకు తెలుసు, అందుకే ఊరుకున్నాను అని ఎన్నోసార్లు నాకు నేను చెప్పుకున్నాను. ఇవాళ మీకు నిజం చెబుతాను. ఎంత లోతో నాకు అప్పుడు తెలియదు. తర్వాతే తెలిసింది.

పడవ బాగానే వెళ్ళింది. బావ ఒడ్డు వైపు తిరిగి చెయ్యి ఊపాడు. ఆ ముఖం నా ఫోన్‌లో ఇప్పటికీ ఉంది. పెళ్ళిరోజు కూడా ఆయన అంత వెలిగిపోలేదని మా చిన్నమ్మ అంది. ఆ తర్వాత అక్క కిందికి చూసింది. కాళ్ళు పైకి తీసింది. తెడ్డు వేసే మనిషి కూడా కిందికి చూసి, తెడ్డు పక్కన పెట్టి, నీళ్ళలోకి దిగి ఒడ్డు వైపు నడవడం మొదలుపెట్టాడు. అతను నడుస్తుంటే నీళ్ళు నడుము దాకా ఉన్నాయి. అప్పుడు నాకు ఊపిరి వచ్చింది.

పడవ తొందరపడలేదు. వెనక నుంచి మెల్లగా, కుర్చీలో కూర్చున్నట్టు, కూర్చుంది. బావ లేచి నిలబడ్డాడు. దిగలేదు. నీళ్ళు మోకాళ్ళ దాకా, తొడల దాకా, నడుము దాకా వస్తున్నా ముందుకే చూస్తూ నిలబడ్డాడు. జెండా వందనంలో నిలబడ్డట్టు. పక్కన మా అక్క పట్టుచీరలో, పులిహోర డబ్బాను నెత్తి మీద రెండు చేతులతో ఎత్తిపట్టుకుని, నీళ్ళలో నడుస్తూ వస్తోంది. ఒక్క మెతుకు తడవలేదు. బంతిపూల దండ నీళ్ళ మీద తేలింది.

ఒడ్డున ఎవరో అన్నారు. "కొబ్బరికాయ దెబ్బకు పలిగిందిరా." ఒక నవ్వు. తర్వాత చెరువు గట్టంతా నవ్వు. నేను కూడా నవ్వాను. నవ్వకపోతే అనుమానం వస్తుందని కాదు. నిజంగానే నవ్వొచ్చింది. అది కూడా రాసుకోండి.

ఒక్కరికైనా ఆలోచన రాలేదు. కొట్టింది ముందర. మునిగింది వెనక నుంచి. కొబ్బరికాయకు పడవ పగిలితే గుళ్ళలో బండలు మిగులుతాయా? ఎవరూ అడగలేదు. జనానికి కొబ్బరికాయ నచ్చింది.

బావ ఒడ్డుకు వచ్చాడు. ధోతి కాళ్ళకు చుట్టుకుంది. బొట్టు కారి ముక్కు మీదికి వచ్చింది. అందరినీ దాటుకుని నా దగ్గరికి వచ్చాడు. ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు. చాలా మెల్లగా, ఇంకెవరికీ వినబడకుండా అడిగాడు.

"బామ్మర్ది, నేను గంత గట్టిగ కొట్టిన్నా?"

అడిగాడు చూడండి. ఎప్పుడూ కరెక్టుగా ఉండే మనిషి, మొదటిసారి, తనమీద తనకు అనుమానం వచ్చి, నన్ను అడిగాడు. నా కళ్ళలోకి చూస్తూ, నేను ఏం చెబితే అది నమ్మడానికి సిద్ధంగా.

"జర గట్టిగనే కొట్టినవు బావా" అన్నాను.

ఆయన తలాడించాడు.

ఇదే నేను మోస్తున్నది. గోదావరి ఒడ్డున చెప్పిన అబద్ధం ఒక ఎత్తు. అది ఆశ. ఇది వేరు. దీనికి ఏ పేరూ దొరకలేదు.

చెరువువాళ్ళు పడవను లాగేటప్పుడు వెనక భాగం ఊడి వాళ్ళ చేతుల్లోకి వచ్చింది. పలకలను పొయ్యిలోకి తీసుకెళ్ళారు. ఆధారం కాలిపోయిందని ఆ రోజు నేను సంతోషించాను.

వీడియో నా ఫోన్ నుంచే బయటికి పోయింది. మా కుటుంబం గ్రూపులో ఒక్కసారి పెట్టాను. చుట్టాలు అడిగారని పెట్టాను. సాయంత్రానికి హన్మకొండలో నాకు తెలియనివాళ్ళు నాకే పంపారు. మర్నాటి నుంచి బావ దుకాణానికి వచ్చే గిరాకీలు, "కొబ్బరికాయ మెల్లగ ఇయ్యి సేటు, దుకానం మునుగుతది" అనడం మొదలుపెట్టారు. ఆయన కొన్నాళ్ళు నవ్వాడు. ఆ తర్వాత కొబ్బరికాయలు అమ్మడం మానేశాడు. కిరాణా దుకాణంలో కొబ్బరికాయలు లేకపోతే అగరుబత్తీలు కొనేవాళ్ళు కూడా పక్కకు పోతారు. పోయారు. ఆయన ఇంకో పడవ ఊసెత్తలేదు. వీడియోలు చూడటం మానేశాడు. బీపీ మాత్రం మళ్ళీ వచ్చింది.

అన్నిటికన్నా బాధ ఏమిటంటే, ఆయన చెప్పడం మానేశాడు. నేను దుకాణానికి కొత్త ఫ్రిజ్ కొంటే ఎలా ఉందని అడిగాను. "నాకేమెరుక బామ్మర్ది, నువ్వు చూసినవు గద" అన్నాడు. ఆ ఫ్రిజ్ వేసవి దాటలేదు. మునుపటి బావ అయితే మెకానిక్ కన్నా ముందే చెప్పేవాడు.

మొన్న బావ వాళ్ళ అమ్మాయి కొత్త ఇంట్లోకి దిగింది. పంతులు గడప దగ్గర కొబ్బరికాయ తీసి, ఇంటి పెద్దగా బావ చేతికి ఇచ్చాడు. వెనక వరసలో కిసుక్కున నవ్వు వినిపించింది. బావ కాయను చేతిలో తిప్పాడు. నా వైపు చాచాడు.

"నువ్వు కొట్టు. నా చెయ్యి మంచిది కాదు."

ఆయన బిడ్డ గడప. ఆయన కొట్టాల్సిన కాయ. అందరూ చూస్తుండగా నేను తీసుకున్నాను. కొట్టాను. ఒకే దెబ్బకు సరిగ్గా పగిలింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు.

ఆ తర్వాత నేను ఆగలేకపోయాను. మధ్యాహ్నం గిరాకీ లేని వేళ బావ దుకాణానికి వెళ్ళాను. ఆయన బెల్లం ముక్కలు చేస్తున్నాడు. ఎదురుగా బస్తా మీద కూర్చుని అంతా చెప్పాను. స్క్రూడ్రైవరు, మట్టి, రంపపు పొట్టు, తారు, ముక్కు మీద కొట్టమన్నది, అన్నీ. ఆయన బెల్లం కత్తి పక్కన పెట్టి, చివరిదాకా విన్నాడు. తర్వాత లేచి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు.

"నాకెరుకనే బామ్మర్ది" అన్నాడు.

ఇన్నాళ్ళూ తెలిసే ఊరుకున్నాడా?

"గీ మాట అనాలని ఎన్నొద్దులసంది ఆలోచిస్తానవో నాకెరుక. నా నింద నీ మీద ఏసుకుందామని చూస్తానవ్. గంత మంచితనం పనికిరాదు."

"నింద కాదు బావా. నిజం చెప్తాన."

"ఊకో. కింద గట్ల ఉంటె నువ్వు నాకు చెప్పకపోదువా? మీ అక్కను గా పడవల ఎక్కనిద్దువా?"

ఆయన ఒక బెల్లం ముక్క నా చేతిలో పెట్టాడు. నేను తిన్నాను కూడా.

ఆ సాయంత్రానికి మా అక్కకు చెప్పాడు. అక్క ఏడ్చింది, ఇలాంటి తమ్ముడు ఎవరికి ఉంటాడని. నేను అక్కకు కూడా ఒట్టు వేసి చెప్పాను, తను నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. మర్నాడు సర్వపిండి పంపించింది. ఇప్పుడు చుట్టాల్లో నా పేరు మునుపటికన్నా గట్టిగా వినిపిస్తోంది. బావ కోసం తన మీద వేసుకున్నాడట, ఎంత పెద్ద మనసు అంటున్నారు. మీరు నవ్వుతారని ముందే చెప్పాను.

ఆయన నిజంగా నమ్మలేదా? ఒక్కోసారి సందేహం వస్తుంది. నా మాట నమ్మితే ఆయనకు ఒక నింద పోతుంది, దానికి బదులు ఒక బామ్మర్ది పోతాడు. ఆయన బేరం తెలిసిన మనిషి. బస్తా దగ్గర నా భుజం మీద చెయ్యి వేసినప్పుడు ఆ చెయ్యి ఒక్క క్షణం బరువుగా ఆగింది. అది ఏమిటో అడిగే ధైర్యం నాకు లేదు. ఇది నా ఊహే కావచ్చు.

కాబట్టి మీకు చెబుతున్నాను. మీకు నా మంచితనం మీద నమ్మకం ఉండాల్సిన పని లేదు. కట్టె కుళ్ళిందని నాకు తెలుసు. తెలిసి కొనిపించాను. తెలిసి రంగు వేశాను. తెలిసి మా అక్కనూ బావనూ ఎక్కించి, నేను ఒడ్డున నిలబడ్డాను. ఆయన అడిగినప్పుడు ఆయనదే తప్పన్నాను. ఇందులో దేనికీ బదులు మీరు నాకు ఏమీ ఇవ్వక్కర్లేదు. ఎప్పుడైనా వరంగల్ బజారులో కిరాణా కొంటుంటే, ఎవరైనా ఒక పెద్దాయన్ని చూసి కొబ్బరికాయ సేటు అని నవ్వితే, మీరు నవ్వకండి. చాలు.

మధ్యాహ్నం నుంచి రాస్తూ కూర్చున్నాను. మా ఆవిడ రెండుసార్లు అన్నానికి పిలిచి వెళ్ళింది. ఇప్పుడు మూడోసారి పిలుస్తోంది. విచిత్రంగా ఉంది, ఆకలి వేస్తోంది.